వరుస తప్పని మేడం

మా మేడం పోయారని మొన్న ఉదయం రాయచోటి నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. గుండెపోటు. కర్నూలులో పాఠం చెప్పడానికి క్లాసుకు బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్న నేను అక్కడే గడపలో కూర్చుండిపోయాను.

కడపలో మేం చదివిన కాలేజీలో ఆమె కంప్యూటర్ సైన్స్ చెప్పేవారు. వేరే ల్యాబులు పక్కన పడేసిన మిషన్లను ఒక గదిలో చేర్చి, ఒకదానితో ఒకటి కలిపి, అందరూ వాడుకునే క్లస్టర్‌గా నిలబెట్టింది ఆమే. ఎండాకాలం ఏసీ ఆగితే స్టాఫ్‌రూమ్ ఫ్యాన్ తెచ్చి మిషన్ల ముందు పెట్టి, తాను కొంగుతో మెడ తుడుచుకుంటూ పాఠం చెప్పేవారు.

మాది ఆలూరు పక్క పల్లె. వాన మీద బతికే సేద్యం. ఏ వారంలో విత్తితే వేరుశనగ నిలుస్తుందో పాత వానల వివరాలతో తేల్చే ప్రాజెక్టు తీసుకున్నాను. నా ల్యాప్‌టాప్ ఆ లెక్క మోయలేకపోయింది. మేడం పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"మిషన్‌కు చీటీ రాసియ్యల్ల పాపా, అంతే. ఎన్ని ప్రాసెసర్లు కావల్ల, ఎంత మెమరీ, ఎంతసేపు, ఏ ప్రోగ్రాం నడపల్ల."

ఆ చీటీని ఒక చిన్న ఫైలుగా రాసి పంపగానే, మిషన్‌కు అప్పగించిన ఆ పనికి తెర మీద ఒక జాబ్ నంబరు వచ్చింది. ఆపైన ఏమీ కదల్లేదు.

"ఏం కాలేదు మేడం."

"వరసలో ఉండాది. ముందరోళ్లది అయినాక నీది మొదలైతాది. దాని మొగం చూసుకుంటా ఈడ కూర్చోవద్దు, పోయి అన్నం తిను."

అవసరానికి మించి అడిగేవాళ్లను మాత్రం వదిలేవారు కాదు. "నువ్వు ఊరికే పట్టుకోని కూర్చుంటే ఇంకొకరు బయట కాచుకోనుంటారప్పా" అనేవారు.

నా వైవా ముందు రోజు కరెంటు పోయి జాబులన్నీ మొదటికొచ్చాయి. అందరం మళ్లీ పంపాం. వరసలో నాది ముందు, మేడంది నా వెనక. ఆ ఫలితాలతో పంపాల్సిన, ఏళ్ల తరబడి ఆమె చేసిన పరిశోధన పేపర్‌కు ఆ సాయంత్రమే గడువు. హెచ్ఓడీ సార్ వచ్చి, "అంతా మీ చేతిలోనే ఉండాది కదా మేడం, మీది ముందుకు జరుపుకోండి" అన్నారు. నేనూ జరుపుకోమనే అన్నాను.

"జరిపితే ఈ పాపది రేపటికి కాదు సార్. నా పేపర్ వచ్చే ఏడన్నా పోతాది. దీని వైవా ఆగితే ఎట్ల?"

సాయంత్రానికి నా ఫలితాలు వచ్చాయి. ఆమె గడువు దాటిపోయింది. మేడం కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. తర్వాత నా గ్రాఫులు దగ్గరికి లాక్కుని చూస్తూ, "ఒట్టి శనక్కాయే చూసినావు. జొన్నకు గూడా చూడు పాపా, శానా మందికి పనికొస్తాది" అన్నారు.

ఆ పేపర్ మరుసటేడు అచ్చయింది. నేను ఇప్పుడు నా విద్యార్థులకు మొదటి జాబ్ పంపడం ఆమె మాటల్లోనే చెబుతాను.

అంత్యక్రియల నుంచి తిరిగొస్తూ పాత విద్యార్థులం కొందరం కడప కాలేజీలో ఆ మిషన్ల గదికి వెళ్లాం. తెర మీద వరసలో మేడం జాబ్ ఒకటి ఉంది. పోయే ముందు రోజు పంపారట. దాని ముందు ఎవరో విద్యార్థిది నడుస్తోంది. మేం చూస్తుండగానే అది ముగిసి, మేడంది మొదలైంది. గదిలో మిషన్ల హోరు కొంచెం పెరిగింది.