అమావాస్య ముందురోజు కంపైల్ చేసిన ప్యాకేజీ

2004 వేసవిలో నన్ను హిందూపురం నుంచి ధర్మవరంలోని ఒక చేనేత డిజైన్ కేంద్రానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ, నా ఏలుబడిలో ఉన్నవి ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన పంచింగ్ మిషను, అంతే. రోజూ పెనుకొండ మీదుగా రైల్లో వచ్చేవాణ్ణి. పట్టుచీర అంచులో పువ్వు ఎక్కడ రావాలో మగ్గానికి చెప్పేవి చిల్లులు కొట్టిన అట్టలు. చేత్తో కొడితే రోజులు పడుతుంది. మిషనైతే రెండు గంటల్లో ముగిస్తుంది.

నేను చేరిన కొద్దికాలానికే హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది పెట్టి, కంప్యూటరును నడిపే లినక్స్‌ను కొత్తగా వేశాను. తీరా చూస్తే, దాంతో వచ్చిన అట్టలు కొట్టించే ప్రోగ్రాం రెడీమేడ్ ప్యాకేజీలో మా పాత మిషనుతో మాట్లాడే భాగమే లేదు! అలాంటప్పుడు ప్రోగ్రాం రాసినవాళ్ల అసలు ప్రతిని, అంటే సోర్సును తెచ్చుకుని, కావలసిన భాగం కలిపి మళ్లీ కంపైల్ చేయాలి, అంటే కంప్యూటరు నడపగలిగే రూపంలోకి మార్చాలి. కొన్న చొక్కా పట్టకపోతే గుడ్డ తీసుకుని దర్జీ దగ్గరికి పోవడం లాంటిదే. మా డొక్కు కంప్యూటరు మీద దానికి మూడు నాలుగు గంటలు పట్టేది.

నేను కంపైల్ మొదలుపెట్టిన పొద్దున సరోజమ్మ అనే నేతగత్తె వచ్చి నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె, ఆమె భర్త ఒక్క మగ్గం మీద బతుకుతున్నారు. పెళ్లిచీర ఆర్డరిచ్చిన షావుకారు పట్టు, జరీ ముందే ఇచ్చాడు. అమావాస్యలోపు నేత మొదలుకాకపోతే సరుకు వెనక్కి తీసుకుని వేరే మగ్గానికిస్తానన్నాడు. మరునాడే అమావాస్య. ఆ రోజు వాళ్ల వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. కాబట్టి అట్టలు ఆ సాయంత్రానికే కావాలి.

తెర మీద వరసలు పరుగెడుతుంటే ఆమె ఊరుకోలేకపోయింది. "ఏం సార్, పొద్దున్నించి అక్షరాలు పైకి పోతానే ఉండాయి. దాంట్లో నా చీర యాడుండాది?" అంది.

మధ్యాహ్నం కాకముందే కరెంటు పోయింది. యూపీఎస్ కాసేపు కూసి ఆగిపోయింది. సరోజమ్మ తల పట్టుకుంది.

కరెంటు వచ్చాక మొదటినుంచి కాకుండా, ఆగినచోటినుంచే కంపైల్ కొనసాగించాను. మేక్ అనే సాధనం ఆ పని చేసిపెడుతుంది. ప్రతి భాగానికీ తయారైన ఫైలు ఉందా, అది సోర్సు కంటే కొత్తదా అన్నదే చూస్తుంది. లోపల సరుకు సరిగ్గా ఉందో లేదో దానికి పట్టదు. చివరికి భాగాలన్నీ అతికించే దశలో ఒక ఫైలు అసంపూర్తిగా ఉందంటూ ఎర్రర్ వచ్చింది. చూస్తే అది ఖాళీ. కరెంటు పోయిన క్షణాన దాని పేరు మాత్రమే డిస్క్ మీద పడింది.

ఆ ఒక్కటీ తుడిచి మళ్లీ చేస్తే క్షణాల్లో అయిపోతుంది. కానీ అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో? వాటివల్ల అట్టలో ఒక చిల్లు తప్పిందంటే ఆ తప్పు అంచు పొడుగునా పడుతుంది. అన్నీ తుడిచేసి మొదటినుంచి చేస్తానని చెప్పాను.

"చేసిందంతా తుడిచేస్తారా? మీకేమన్నా పిచ్చా సార్? మళ్లా కరెంటు పోతే నేను యాడికి పోవల్ల?" అని ఆమె లేచి నిలబడింది.

నాకూ ఒళ్లు మండింది. చీర చెడితే షావుకారు ఊరుకుంటాడా అని గట్టిగానే అడిగాను. ఆమె మళ్లీ స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ తరవాత ఇద్దరం తెర వైపు కంటే ఫ్యాను వైపే ఎక్కువ చూశాం, ఎక్కడ ఆగుతుందోనని. దేవుడి దయవల్ల ఆగలేదు. పొద్దు వాలుతుండగా మిషను కదిలింది. వచ్చిన అట్టను వచ్చినట్టే డిజైను గీసిన గ్రాఫు కాగితంతో సరిచూస్తూ పోయాను, ఆమె దారంతో కుట్టుకుంటూ పోయింది. ఆఖరిది కుట్టగానే మోపు ఎత్తుకుని, పోయొస్తానని కూడా అనకుండా పరుగెత్తింది.

మరుసటి వారం వచ్చి చెప్పింది. ఆమె ఇల్లు చేరేసరికి షావుకారు మనిషి జరీ మూట కడుతున్నాడట. "మూట దించప్పా, అట్టలొచ్చినాయి" అందట. మగ్గం మీద మొదటి పువ్వు తేలేదాకా వాడు కదల్లేదట. పువ్వు చూసి, వట్టి చేతులతో పోయాడట.

మధ్యలో ఆగిన పనిలో, కానిది ఏదో ఇట్టే తెలుస్తుంది. నమ్మకూడనిది అయినట్టు కనిపించేదాన్ని; దాన్నే తుడిచి మళ్లీ చేయాలి. రిటైరయ్యేదాకా నేను అలాగే చేశాను, పక్కన కూర్చున్నవాళ్లు ఎంత తిట్టినా.