ఎస్తేరు మేడం లెక్క

బెంగళూరులో మా వీధి కింద మెట్రో సొరంగం తవ్వుతున్నారు. మొన్న పొద్దున కాఫీ కలుపుతుంటే, అరలో బోర్లించిన స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. మా ఆయన పేపరులోంచి తలైనా ఎత్తలేదు. నేను మాత్రం స్టవ్వు ఆపేసి, అరచేయి గోడకు ఆనించి నిలబడిపోయాను. “నీ కేజీఎఫ్ ఇంకా నిన్ను వదల్లేదా?” అన్నాడు నన్ను చూసి నవ్వుతూ. కేజీఎఫ్ అంటే కోలారు బంగారు గనులు, నేను పుట్టిపెరిగిన ఊరు. వదల్లేదు. గ్లాసులు కదిలితే ముందు గోడ మీద చేయి పెట్టి చూడమని నేర్పింది ఎస్తేరు మేడం. ఆవిడ పోయి చాలా కాలమైనా నా చేయి ఇంకా ఆవిడ మాటే వింటుంది.

మేడం కోలారు కాలేజీలో మాకు లెక్కలు చెప్పేవారు. వాళ్ళ నాన్న గనిలో రాయికి బెజ్జాలు వేసే పని చేసినవాడు. భూమి లోపల రాయి ఉన్నట్టుండి పేలడాన్ని మా ఊళ్ళో ‘ఎయిర్ బ్లాస్ట్’ అంటారు. అది ఎందుకు జరుగుతుందో లెక్కకట్టడమే మేడం చదువు. బెంగళూరులో డాక్టరేటు చేసి, రాళ్ళ మీద పరిశోధన చేసే సంస్థలో ఉద్యోగం చేశారు. గనులు మూతపడ్డాక, తల్లి కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేట వదిలి రానని మొండికేస్తే, ఆ ఉద్యోగం వదులుకుని కోలారుకు పాఠాలు చెప్పడానికి వచ్చారు. మా ఇల్లూ వాళ్ళ ఇళ్ళ వరసలోనే. ఒకే బస్సులో పోయి వచ్చేవాళ్ళం. ఆవిడ కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేవారు కాదు, అదొక్కటే ఆవిడలో నాకు నచ్చని గుణం.

ఒకరోజు క్లాసులోకి వాచ్‌మన్ నవారు మంచం తెప్పించారు. నడుమ ఒక పట్టీ ఊడదీయించి నన్ను కూర్చోమన్నారు. కూర్చుంటే అటూ ఇటూ ఉన్న పట్టీలు కిర్రుమన్నాయి. క్లాసంతా ఒకటే నవ్వు.

“బరువు యాడికీ పోలేదమ్మా, పక్క పట్టీ మీదికి పోయింది,” అన్నారు మేడం. “బంగారం తీసిన చోటా ఇంతే. పైన ఉండే బరువు పక్కరాయి మోస్తా ఉండాది. ఎంతదాకా మోస్తాదో, అదే మన లెక్క.”

నేను అప్లైడ్ మ్యాథమెటిక్స్ చదవాలని అనుకున్నది ఆ మంచం మీదే.

మరుసటి ఏడు వానలు దంచికొట్టాయి. పంపులు ఆగిపోయిన గనుల్లో నీళ్ళు నిండి లోపలి రాయిని కదిలిస్తున్నాయి. మా వీధిలో గిన్నెలు అదరడం ఎక్కువైంది. మేడం ఇంటింటికీ తిరిగి, గోడల్లో పగుళ్ళు ఉన్నచోట సన్నటి గాజుముక్కను అడ్డంగా సిమెంటుతో అతికించారు. గోడ కదిలితే గాజు విరుగుతుంది. మా పడకగదిలో విరిగింది. పక్కింట్లో విరిగింది. మేడం ఇంట్లోనూ విరిగింది.

చర్చి ఆవరణలో మీటింగు పెట్టారు. వచ్చిన అధికారి, “ప్రమాదం ఉందా, లేదా? ఒక్క మాటలో చెప్పండి మేడం,” అన్నాడు.

“ఎప్పుడో నాకు తెలీదు సార్. యాడో తెలుసు,” అన్నారు మేడం. “గనిలోకి దిగే పాత షాఫ్టు పక్కన ఉండే మా వరస. నేను రేపు మా అమ్మను పిల్చుకోని పోతా ఉండాను. మీరూ ఇండ్లు ఖాళీ చేయండప్పా.”

మా నాయన లేచాడు. గని ఆఫీసులో గుమాస్తాగా చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. ఆ ఇల్లు తప్ప మాకేమీ లేదు. “పని పాయె. ఇంగ ఇల్లు కూడా వదిలి యాడికి పోయేదమ్మా? ఎప్పుడో తెలీదంటావు, అదేం లెక్క?” అని అరిచాడు. ఆ రాత్రి నాయన విరిగిన గాజుముక్క ముందు చాలాసేపు కూర్చున్నాడు. వారంలో మేము ఆ షాఫ్టుకు దూరంగా రాబర్ట్‌సన్‌పేటలో అద్దెగదికి మారాం. నాయన నాతో సరిగా మాట్లాడటం మానేశాడు, ఆ లెక్క నేనే చేసినట్టు.

అందరికన్నా గట్టిగా తిట్టింది మేడం వాళ్ళమ్మ. “మీ నాయన దినమూ భూమిలోకి దిగి ఎక్కి వచ్చినాడు. నువ్వు పైనుండే ఇంటికి భయపడతావా?” అనేది. అద్దెయింట్లోనే మంచాన పడి, “నన్ను మన ఇంటికి తీసుకపో” అని అడుగుతూ అడుగుతూ కన్నుమూసింది. మేడం తీసుకుపోలేదు. శవపేటికను మాత్రం పాత వీధి మీదుగా నడిపించి, ఇంటి ముందు కాసేపు ఆపించారు. మోసినవాళ్ళలో మా నాయన ఉన్నాడు.

ఇంతకీ ఆ వరస కూలలేదు. ఒక్క గోడైనా పడలేదు. ఒక్కొక్కరే తిరిగి వెళ్ళిపోయారు, చివరికి మేమూ వెళ్ళాం. “ఏం మేడమ్మా, మీ ఎయిర్ బ్లాస్టుకు బస్సు తప్పిపోయిందా?” అని ఆటోవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

“తప్పితే మేలే కదప్పా,” అనేవారు మేడం.

నాకు మాత్రం ఒళ్ళు మండేది. ఒక ఆదివారం చర్చి బయట ఉండబట్టలేక అడిగేశాను. “మీ లెక్క తప్పంటున్నారు మేడం. మీకేమీ అనిపించదా?”

“నేనూ అదే కదమ్మా అడిగేది. ప్రతి ఆదివారమూ లోపల మోకాళ్ళూని, నా లెక్క తప్పు కావాల దేవా అని అడుగుతా ఉండాను.”

“మరి ఎందుకు చెప్పినారు? ఊరికే ప్రార్థన చేసుకుంటే సరిపోయేది కదా. మీ అమ్మ మీ ఇంట్లోనే పోయుండేది.”

మేడం కళ్ళు నిండాయి. కొంగుతో తుడుచుకున్నారు. “చెప్పకుండా ప్రార్థన చేస్తే దేవునికి కోపం రాదా?” అన్నారు.

మేడం పోయినప్పుడు ఊరికి వెళ్ళాను. వచ్చేటప్పుడు ఆ వీధిలో నడిచాను. ఇళ్ళన్నీ నిలబడే ఉన్నాయి. నిజం చెప్తున్నాను, ఒక్క క్షణం ఎదురుగా ఉన్న గోడ కూలితే బాగుండు, మేడం మాట నిలబడుతుంది అనిపించింది. అంతలో లోపల ఎవరో పసిబిడ్డను జోకొడుతున్న చప్పుడు వినిపించింది. ఛీ, ఇదా నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నది అని నామీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు నా పని చెరువు కట్టలు తెగితే నీళ్ళు ఎంతవరకు వస్తాయో లెక్కకట్టడం. పోయిన వానాకాలం మా కోలారు జిల్లాలోనే టేకల్ వైపు ఒక పల్లెను ఖాళీ చేయించమని చెప్పాను. కట్ట నిలిచింది. ఆ ఊరి పెద్దావిడ ఫోను చేసి, “నీ మాట విని మా ముసలాయన్ను వానలో మోసుకోని పోతిమి కదే!” అని నోటికొచ్చినట్టు తిట్టింది. అన్నీ విన్నాను, క్షమించమన్నాను. ఫోను పెట్టేశాక కూడా నేను చెప్పకుండా ఉండాల్సింది అనిపించలేదు.

నేను చర్చికి పోయేదాన్ని కాదు, ఇంట్లో దీపం పెట్టుకునేదాన్ని. లెక్క పూర్తయి, పంపవలసిన వాళ్ళకు పంపేశాక, దీపం ముందు నిలబడతాను. అప్పుడు నా నోట వచ్చేది మేడం మాటే, మా ఊరి యాసలోనే. నా లెక్క తప్పు కావాల స్వామీ.