పెరిగే పిల్లకి గోల్ఫ్ కర్రలు

మా చిన్నదాని నుదుటి మీద జుట్టు గాలికి లేచింది. ఆ సాయంత్రం మా డాబా మీద గాలి లేదు. దండెం మీద ఆరేసిన చీర కూడా కదలడం లేదు. మరి జుట్టెందుకు లేచింది అనుకున్నాను. మరుక్షణం దండెం గుంజకి ఏదో తగిలి ఠంగుమంది. పెద్దది రెండు చేతులతో ఊపిన గోల్ఫ్ కర్ర, నాలుగేళ్ళ చెల్లెలి కణత పక్క నుంచి వెళ్ళి ఆ గుంజకి కొట్టుకుంది. మధ్యలో ఎంత దూరం ఉందో నేను చెప్పలేను. ఒకసారి వేలెడు అనిపిస్తుంది. జానెడు ఉండే ఉంటుందిలే అని ఇంకోసారి సర్దిచెప్పుకుంటాను.

చిన్నది కిలకిలా నవ్వింది. "అక్కా, మళ్ళీ!" అంది.

నేను పరుగెత్తి వెళ్ళి పెద్దదాని ఎడమ చేతి మీద ఒక్కటి వేశాను. రెండు చేతులూ కర్ర మీదే ఉన్నాయి. ఎడమ చేతినే ఎందుకు కొట్టానో అప్పుడు నాకే తెలియలేదు.

జగ్గయ్యపేటలో మా డాబా మీదికి గోల్ఫ్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. పెద్దదానికి తొమ్మిదేళ్ళు. దాని బళ్ళో ఆటల మాస్టారు, తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున నన్ను పక్కకి రమ్మన్నారు. "మేడం, బ్యాడ్మింటన్‌కి అందరూ ఎగబడుతున్నారండి. గోల్ఫ్‌కైతే పోటీ తక్కువ. నేను హైదరాబాదులో ఒక గ్రౌండులో పనిచేసొచ్చా, మొదటి పాఠాలు నేను చెప్తా. కర్రలు మాత్రం మీరే తెచ్చుకోవాలి" అన్నారు. మిగతా మాటలు సరిగా వినలేదు నేను. పోటీ తక్కువ అన్నది మాత్రం పట్టుకుంది. బడి నుంచి బి.ఎడ్. దాకా ప్రతి వరసలోనూ చివర నిలబడిన మనిషిని. నా కూతురు జనం తక్కువున్న వరసలో నిలబడితే బాగుండుననిపించింది.

కొత్త సెట్టు ధర ఫోన్లో చూసి మా ఆయన ఫోను బోర్లా పెట్టేశారు. కాసేపటికి పిల్ల మొహం చూసి, "పాతవేమన్నా దొరుకుతాయేమో చూడు. దాని బడి నెల ఫీజు దాటకుండా చూస్కో" అన్నారు.

ఆ వారమంతా పిల్లలు పడుకున్నాక వీడియోలు చూశాను. చూసిన కొద్దీ అయోమయం పెరిగింది. కొన్నిటిని ఐరన్ అంటారు, కొన్నిటిని వుడ్ అంటారు. వుడ్ అన్నది కూడా లోహమే. అంకె చిన్నదైతే బంతి దూరం పోతుందట, పెద్దదైతే దగ్గర పడుతుందట. కొత్తవాళ్ళకి మూడు నాలుగు చాలని ఒకాయన, మొదటి నుంచీ నిండు సెట్టుతోనే అలవాటు పడాలని ఇంకొకాయన. పిల్లలకి పొట్టివి కొనండి అన్నారు; పిల్లలు ఇట్టే పెరుగుతారు జాగ్రత్త అని కూడా అన్నారు. రెండూ పుస్తకంలో రాసుకున్నాను. రెండో మాట కింద గీత గీశాను.

నందిగామలో హైవే పక్కన పాత సామాన్ల కొట్టు ఒకటుంది. హైదరాబాదు ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు వదిలేసిన సోఫాలు, తిరగని ట్రెడ్‌మిల్లులు అక్కడికొస్తాయి. ఆదివారం పెద్దదాన్ని తీసుకుని వెళ్ళాను. కొట్టాయన ఖమ్మం వైపు మనిషి. గోల్ఫ్ అనగానే, "ఉన్నయమ్మా, ఉన్నయ్" అంటూ బీరువా వెనక నుంచి రెండు సంచులు లాగాడు. ఒకటి పెద్దవాళ్ళది, తొమ్మిది కర్రలతో నిండుగా ఉంది. రెండోది నీలం రంగు చిన్న సంచి, అందులో మూడే.

"ఈ పొట్టివి చూడమ్మా. పిల్లలయే. కాకపోతే పుర్రచేతి వాటానివి. అందుకే ఎవరూ తీస్కోలే. అగ్గువకిస్త, తీస్కపో."

నేను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. పెద్దది ఆ పొట్టివాటిలో ఒకటి తీసి, ఎవరూ చెప్పకుండానే ఎడమచేతి వాటానికి తిరిగి నిలబడింది. కర్ర దాని నడుముకి సరిపోయింది. ఆ నిలబడడంలో ఏదో కుదురు ఉంది. నేను చూశాను. చూడలేదని ఇప్పుడు చెప్పుకోలేను.

"పాపది ఏ చెయ్యమ్మా?" అన్నాడు కొట్టాయన.

"కుడే" అన్నాను.

పిల్ల నా వైపు ఒకసారి చూసి కర్రని సంచిలో పెట్టేసింది.

అది పుట్టుకతో ఎడమచేతి వాటం. చెంచా, బలపం, బంతి, ఏదైనా ఆ చేత్తోనే అందుకునేది. ఎడమచేతి పిల్లల్ని బలవంతంగా మార్చకూడదని బి.ఎడ్.లో చదువుకున్నాను. పరీక్షలో ఆ ప్రశ్నకి జవాబు రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కాని పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి వాళ్ళు దాని చేతి వంక చూసినప్పుడు ఆ జవాబు గుర్తుకు రాలేదు. కుడి మణికట్టుకి ఎర్ర రిబ్బను కట్టి, "ఈ చేత్తో" అని రోజూ చెప్పాను. ఎడమ చెయ్యి ముందుకొస్తే దాని మీద చిన్న దెబ్బ. ఏడాదిలో మారింది. మారిందనే అనుకున్నాను.

పెద్ద సంచే తీసుకున్నాను. పెరిగే పిల్ల కదా! యూనిఫారం రెండేళ్ళకి సరిపడా కుట్టించి అంచు మడిచి వేస్తాం. బూట్లు పెద్దవి కొని ముందు దూది పెడతాం. మూడు కర్రల డబ్బుకి కొంచెం కలిపితే తొమ్మిది వస్తుంటే, అందులోనూ ఏ చెయ్యి అన్న ప్రశ్నే లేకుండా వస్తుంటే, ఇంకెలా ఆలోచిస్తాను?

బస్సులో ఆ సంచి చూసి కండక్టరు, "ఏంటమ్మా ఇవి, హాకీయా?" అన్నాడు. "పాముల్ని కొట్టేవి అయ్యుంటాయి లేవయ్యా, చివర వంకర చూడు" అన్నాడు వెనక సీటు పెద్దమనిషి. చిల్లకల్లు వచ్చేదాకా బస్సంతా అదే చర్చ. పెద్దది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక మా అత్తయ్యగారు కర్రలన్నీ తీయించి చూసి, "ఒక్క బంతికి ఇన్ని గరిటెలా? నలభై ఏళ్ళుగా నేను మూడిటితో వండుతున్నా గదమ్మా" అన్నారు. అందరం నవ్వాం, పెద్దది తప్ప.

ఆ మర్నాడు సాయంత్రమే డాబా మీదికి వెళ్ళాం. బంతి పెట్టలేదు, ఉత్తినే ఊపడం. కర్ర కుడి వైపుకి లేస్తుందని వీడియోలో చూశాను కాబట్టి, చిన్నదాన్ని ఎడమ వైపు, నీళ్ళ ట్యాంకు మెట్టు మీద కూర్చోబెట్టి కదలొద్దన్నాను. పెద్దది రెండుసార్లు కుడి వైపు నుంచి ఊపింది. కర్ర పొడుగు, బరువు. నేలకి గీసుకుంది. మూడోసారి నేను దండెం మీద చీర సర్దడానికి తల తిప్పాను. తిప్పి చూసేసరికి చిన్నది మెట్టు దిగి అక్క దగ్గరికి వచ్చి ఉంది, పెద్దది ఈసారి ఎడమ వైపు నుంచి ఊపేసింది.

దెబ్బ తిన్న చెయ్యి రుద్దుకుంటూ పెద్దది, "కుడి నుంచి రావట్లేదమ్మా. ఇటైతే వస్తది" అంది. ఏడవలేదు.

ఆ రాత్రి ఇంట్లో అందరూ తలా ఒక కారణం చెప్పారు. మా ఆయన, "పొడుగు వల్లే. వెల్డింగ్ షాపులో కోయిద్దాం, ఎంతసేపు?" అన్నారు. "కోస్తే పొడుగు తగ్గుద్ది, చెయ్యి మారుద్దా?" అన్నాను. అని, నా మాటకి నేనే ఉలిక్కిపడ్డాను.

అత్తయ్యగారు చిన్నదాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని కణత నిమురుతున్నారు. "మీరైనా అప్పుడు నాకు చెప్పలేదేంటండీ, ఆ చెయ్యి మాన్పించొద్దని?" అని అడిగాను, తప్పులో ఆవిడకీ కాస్త వాటా ఉంటుందేమోనన్న ఆశతో.

"నేనేమన్నా అన్నానా దాని చెయ్యి గురించి? రిబ్బను కట్టింది నువ్వు. చదువుకున్నదానివి, నీకు తెలిసే కట్టుంటావులే అనుకున్నా."

పడుకున్నాను గాని లెక్క తెగలేదు. పొట్టి కర్రైతే అంత దూరం వచ్చేదా? తన వాటం కర్రైతే కర్ర ఎటు లేస్తుందో నాకు ముందే తెలిసేది కదా? అసలు కుడి వైపు నుంచి ఊపినా ఊపు వచ్చి ఆగేది ఎడమ వైపే. మొదలయ్యేది ఎక్కడో చూసుకున్నాను గాని ఆగేది ఎక్కడో చూసుకోలేదు. అప్పుడైనా చిన్నదానికి తగిలేదేనా? కర్రదా తప్పు, కూర్చోబెట్టిన చోటుదా, రిబ్బనుదా? ఒక్కోసారి ఒక్కోటి అనిపించింది. కొన్ని వారాల తర్వాత ఇది రాస్తుంటే కూడా అలాగే అనిపిస్తోంది. గట్టిగా తెలిసింది ఒక్కటే: ఏ చెయ్యి అని కొట్టాయన అడిగింది నా చేతి గురించి కాదు. పిల్ల గురించి అడిగాడు, పిల్ల ఎదురుగానే ఉంది.

పొద్దున్నే ఇద్దరికీ ఇడ్లీలు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ముందు చిన్నదానితో చెప్పాను.

"అక్క కర్ర పట్టుకుంటే నువ్వు మెట్ల గది లోపలుండాలి, తలుపేసుకుని. అక్క కర్ర కింద పెట్టి పిలిస్తేనే బయటికి రావాలి. నేను రమ్మన్నా రాకు."

"నువ్వు రమ్మన్నా?" అంది అది.

"ఆ. నాకు తెలీదు ఏది ఎటొస్తదో."

తర్వాత పెద్దదానితో, "సాయంత్రం నందిగామ వెళ్దాం. ఆ నీలం సంచి ఉంటే మార్చుకుందాం. ఏ చెయ్యని ఆయన మళ్ళీ అడిగితే నువ్వే చెప్పు, నేను మాట్లాడను" అన్నాను. "నిన్న కొట్టాను చూడు, అది నా తప్పు."

అది ఇడ్లీ ముక్క పట్టుకున్న కుడి చేతి వంక చూసుకుంది. "మరి అన్నం, అమ్మా? అన్నం మాత్రం ఈ చేత్తోనేనా?"

వచ్చే నెల మా ఆడపడుచు ఇంట్లో గృహప్రవేశం, మళ్ళీ పక్క విస్తళ్ళ వాళ్ళతో భోజనాలు ఉన్నాయి.

"అన్నం సంగతి నాకింకా తెలీట్లేదమ్మా" అన్నాను. "ఆలోచించి చెప్తా. కర్ర సంగతి మాత్రం నీ ఇష్టం."