ఉప్పు దగ్గర ఆగిన వంట

ఏ పని కనిపించినా అదెక్కడ ఆగిపోతోందో పట్టుకునేదాకా పరబ్రహ్మానికి అన్నం సయించదు. హిందీ మాట్లాడే ఊళ్లోని స్టీల్ ప్లాంటు ప్లానింగులో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. ఆ జబ్బు మాత్రం రిటైరు కాలేదు.

ఒకసారి సెక్టర్ సిక్స్ పిండిమర దగ్గర జనం "రెండో మర పెట్టు" అంటూ మరవాడి మీద పడ్డారు. పరబ్రహ్మం చేతిగడియారం చూసుకుంటూ అడ్డొచ్చాడు.

"ఉన్న మరే సగంసేపు ఖాళీగా తిరుగుతోంది. ఇతను తూకం వేసి, సంచి మూతి కట్టి వచ్చేదాకా దానికి పనేది?"

"తో ఆప్ బాంధియే సాబ్!" అయితే మీరే కట్టండని ఎగిరాడు మరవాడు.

కట్టాడు. వరసలో ఉన్న అందరిచేతా కట్టించాడు. మర ఆగితే ఒట్టు. గంట వరస ఇరవై నిమిషాల్లో కరిగిపోయింది. "ఈ మనిసితో పెళ్లామెలా ఏగుతోందో!" అని పడీపడీ నవ్వింది వరసలో ఉన్న గున్నమ్మ.

తెలుగు సంఘం వనభోజనాల వంట ఇరవై ఏళ్లుగా గున్నమ్మదే. ఒంటిగంట భోజనం ఏటా మూడున్నరకే. "మా కోడలిది నత్తనడక" అని అహల్య మీద పెట్టేసేది. ఈసారీ ఆలస్యమైతే వచ్చే ఏడు వంట కూలికి వండే హల్వాయికే అన్నాడు కార్యదర్శి లక్ష్మీప్రసాద్.

వనభోజనాల పొద్దున పరబ్రహ్మం గడియారం, లెక్కల పుస్తకంతో సహా పొయ్యిల దగ్గర తేలాడు.

"ఏటి బాబూ, కూర మాడితే గడియారం సెప్తాదా?"

"మాడదు పిన్నిగారూ. దించేసి ఉంది."

ఒకటి కాదు, ఆరు గుండిగలు దించి ఉన్నాయి, ఉప్పు పడక. ఉప్పు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వదు గున్నమ్మ. డబ్బా చంకన పెట్టుకుని మళ్లీ పాలవాడితో తగువులోకి దిగింది.

"అత్తా, నానెయ్యనా?" అహల్య మూడోసారి అడిగింది.

"నువ్వేస్తే సముద్రమే!"

ఆగిన నిమిషానికొకటి చొప్పున పుస్తకంలో గీతలు పెడుతున్న పరబ్రహ్మం ఇంకొకటి గీశాడు. గున్నమ్మకు చదువు అంతంతమాత్రం. గీతలు లెక్కపెట్టడం మాత్రం వచ్చు. తొంగిచూస్తే ప్రతి గుండిగ బొమ్మ కిందా గీతలే, అన్నీ ఆమె కోసం ఆగినవే. ఇరవై ఏళ్లుగా కోడల్ని అన్న మాటలన్నీ ఒక్కసారిగా మొహాన కొట్టినట్టయింది.

"పదకొండైంది. ఎక్కడాగింది భయ్యా?" లక్ష్మీప్రసాద్ రానే వచ్చాడు. తిట్లకు అలవాటుపడ్డ అహల్య ముందుగానే తల దించుకుంది. నా వల్లే అనకుండా గున్నమ్మ ఉప్పు డబ్బాను కొంగు చాటుకు లాక్కుంది.

నిమిషం లెక్కలో కూడా ఏనాడూ అబద్ధమాడని పరబ్రహ్మం పుస్తకం మూసేశాడు.

"నా వల్లేనయ్యా. పొయ్యిలకి అడ్డంగా నిలబడ్డాను."

"అనుకున్నా!" లక్ష్మీప్రసాద్ నవ్వుతూ వెళ్లిపోయాడు.

గున్నమ్మ తలెత్తలేకపోయింది. పరబ్రహ్మం కుర్చీ తెచ్చి వేశాడు.

"కూర్చోండి పిన్నిగారూ. పాలవాడి సంగతి నేను చూస్తాను. గుండిగలే మీ దగ్గరికొస్తాయి. మొదటి మూడింటికి మీరు వెయ్యండి, అహల్య చూస్తుంది. తర్వాతి మూడింటికి అహల్య వేస్తుంది, మీరు రుచి చూడండి."

"సూసి?"

"బాగుంటే, తిట్టినంత గట్టిగా చెప్పండి."