బదులు రాని మలుపు

మా మావయ్య లిఫ్టు మెకానిక్. ముప్ఫై ఏళ్లపాటు జనాన్ని పైకీ కిందికీ తిప్పిన మనిషి, తాను మాత్రం మెట్లెక్కే వెళ్లేవాడు. ఎందుకంటే, "దాని కడుపులో ఏముందో నాకు తెలుసు గనక" అనేవాడు. పనిలో ఆయన జంట మా నాన్న. అంటే అక్క మొగుడు, బావ. ఇద్దరూ కలిసి లిఫ్టు గోతుల్లో గడిపిన కాలం తనతో గడిపిన కాలం కంటే ఎక్కువని అమ్మ నాన్నను దెప్పుతూ ఉండేది.

ఆ ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఏడాదికి రెండుసార్లు, శని ఆదివారాలు వీపున సంచులు తగిలించుకుని కొండల్లో నడవడం. దారి ఎంచే పని మావయ్యది. ఇంటి నుంచి కారులో మూడు గంటల్లోపు చేరాలి. గుడారం వేసే చోట నీళ్లుండాలి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ దారి గుండ్రంగా చుట్టి వచ్చి కారు దగ్గరే తేలాలి. "వెళ్లిన దారినే తిరిగొచ్చే పని వారమంతా చేస్తూనే ఉన్నాంగా, సెలవు రోజున కూడానా?" అనేవాడు.

రెండేళ్ల కిందట అలాంటి చుట్టుదారిలోనే మా నాన్న పోయాడు. గుండెపోటు. నాన్న ముందు నడుస్తున్నాడు, మావయ్య వెనక. మధ్యలో ఒకే ఒక్క మలుపు. అయినా పడిపోయిన నాన్నను మొదట చూసింది మావయ్య కాదు, పై నుంచి దిగి వస్తున్న ఎవరో ఇద్దరు. అటవీశాఖ వాళ్ల కాగితంలో అలాగే ఉంది. మరి మావయ్య అప్పుడు ఏం చేస్తున్నట్టు? రెండేళ్లుగా ఈ ప్రశ్న నన్ను తొలిచేస్తోంది. ఎప్పుడడిగినా ఆయన "క్షణంలో పోయాడమ్మా, బాధపడలేదు" అనేవాడు. ప్రతిసారీ అవే మాటలు, అదే వరసలో. అబద్ధం చెప్పడం కూడా చేతకాదు ఆయనకు.

ఆ తర్వాత మావయ్య సంచి అటకెక్కింది. ఈ నెల నేనే పట్టుబట్టాను, శనివారం నన్ను తీసుకెళ్లాల్సిందేనని. గురువారం సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, భోజనాల బల్ల మీద ఎంగిలి పళ్లేలు పక్కకు నెట్టి మూడు మ్యాపులు పరిచాను.

మొదటిది జలాశయం చుట్టూ తిరిగే దారి. మావయ్య కళ్లద్దాలు సవరించుకుని చూశాడు.

"నీడ లేదు. మాడి మసైపోతాం."

రెండోది వాడకం ఆగిపోయిన రైలుపట్టాల వెంట పోయి అడవిలోంచి తిరిగొచ్చేది.

"సొరంగంలో గబ్బిలాలు."

"గబ్బిలాలకు భయపడేవాడివి లిఫ్టు గోతుల్లో ఎలా చేశావు మావయ్యా?"

"అక్కడ గబ్బిలాలుండవే. పావురాలుంటాయి."

నవ్వొచ్చింది గానీ మింగేశాను. ఇలా వంకలు పెడుతూ శుక్రవారం దాకా నెట్టుకొస్తే గండం గడిచిపోతుందని ఆయన ఆశ. మూడో మ్యాపు ముందుకు జరిపాను. అది నాన్న పోయిన దారి.

"ఇది వద్దు," అన్నాడు.

"నీడ ఉంది. నీళ్లున్నాయి. రెండున్నర గంటల ప్రయాణం. చుట్టుదారే. ఏం తక్కువైంది దీనికి?"

"వద్దన్నానా!"

"ఆ రోజు నువ్వెక్కడున్నావు మావయ్యా?"

ఆయన మ్యాపులో ఒక మలుపు మీద వేలు పెట్టాడు. "ఇక్కడ," అన్నాడు. వేలు బియ్యపు గింజంత పక్కకు జరిపాడు. "బావ ఇక్కడ."

అప్పుడు చెప్పాడు. లిఫ్టు పనిలో ఒకరు గోతి అడుగున ఉంటే ఇంకొకరు మేడ మీద మెషిన్ గదిలో ఉంటారు. ఒకరికొకరు కనపడరు. కింద ఉన్నవాడు "కింద!" అని కేకెయ్యాలి, పైనున్నవాడు "పైన!" అని పలకాలి. బదులు రాకపోతే ఎవరూ దేన్నీ ముట్టుకోకూడదు, ఉన్నచోటు నుంచి అడుగు కదపకూడదు. వాళ్లతో పనిచేసిన మెకానిక్ ఒకడు బదులు రాలేదేమని తలుపులోంచి గోతిలోకి తల పెట్టి చూశాడు. అదే క్షణంలో లిఫ్టు దిగింది. అతన్ని బయటికి తీసింది వీళ్లిద్దరే. అప్పటి నుంచి ఆ కేక వాళ్లకు ఊపిరిలా అలవాటైపోయింది. కొండల్లో ఒకరికొకరు కనుమరుగైనా అదే కేక వేసుకునేవాళ్లు.

"కింద అని అరిచాను. పలకలేదు. నిలబడిపోయాను."

"ఎంతసేపు?"

"నలభై నిమిషాలు."

నేను మ్యాపు మీంచి తలెత్తి ఆయన్ను చూశాను.

"బదులు రాకపోతే కదలకూడదు కదే. సంచి కూడా దించలేదు. ఆయనే వస్తాడులే అనుకున్నా. ఆ ఇద్దర్లో ఒకడు పరిగెత్తుకొచ్చి, పైనెవరో పడున్నారు, ఇంకా ఊపిరుందన్నాడు. నేను చేరేసరికి లేదు." మ్యాపును అరచేత్తో తుడిచాడు. "ఇందులో దగ్గరగా కనపడుతుంది గానీ చాలా దూరమే. నిటారు ఎక్కుడు. పది నిమిషాలు పట్టింది నాకు. ముందే కదిలినా అందేవాణ్ణి కాదేమో."

ఆయన మీద జాలి కలగాల్సింది. కలగలేదు. ఒళ్లు మండిపోయింది.

"శనివారం పొద్దున్నే వస్తాను. అటక మీంచి సంచి దించుకో," అన్నాను.

శనివారం పదకొండింటికల్లా ఆ మలుపు దగ్గరికి చేరాం. మావయ్య అక్కడే ఆగిపోయాడు. నేను ఆగకుండా ముందుకు నడిచాను. పైన దారి పక్కన బల్లపరుపు బండ, కాగితంలో రాసినట్టే. నాన్న అక్కడే పడిపోయాడు. దాని మీద చెయ్యి వేశాను. ఎండకు వేడెక్కి ఉంది.

కింది నుంచి కేక వినిపించింది. "కింద!"

నేను పలకలేదు. కావాలనే. అది మంచిపని కాదని తెలుసు, అయినా నోరు బిగించుకుని నిలబడ్డాను. ఈసారైనా కదులుతాడో లేదో చూడాలనిపించింది. మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఇరవై దాకా ఏ చప్పుడూ లేదు. తర్వాత రాళ్లు దొర్లాయి. యాభై రెండు దగ్గర ఆయన నా ముందున్నాడు. వీపున సంచి లేదు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. రెండు చేతులతో నా మొహం పట్టుకున్నాడు.

"పలకవేమే! పలకవేమే!"

"పైన," అన్నాను.

ఆయన బండ మీద కూలబడ్డాడు. ఏడుపు ఆగాక, వచ్చిన దారి వైపు కాకుండా నా వైపే చూస్తూ అడిగాడు.

"ఎంతసేపు పట్టింది నాకు?"

నా కోపం ఎటు పోయిందో తెలియదు.

"చాలాసేపు పట్టింది మావయ్యా. పది నిమిషాలైనా అయ్యుంటుంది."

"ఎక్కుడు కదా," అన్నాడు తల ఊపుతూ.

ఆయన్ను అక్కడే కూర్చోమని చెప్పి, మలుపు దగ్గర వదిలేసిన సంచి తేవడానికి నేను దిగాను. దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటికి నా చెయ్యి సంచి మీదుంది.