గొడుగులవాళ్ళ అమ్మాయి, నా ఆకుపచ్చ బెల్టు

మొన్న సాయంత్రం మా పై వాటా అమ్మాయి కరాటే క్లాసు నుంచి వచ్చి, చెమటలు కక్కుతూ మెట్ల మీద కూలబడి, సంచిలోంచి ఒక వస్తువు తీసి చూపించింది. నల్లటి టోపీలాంటిది, ముందు పక్క అద్దంలాంటి ప్లాస్టిక్కు. "ఇది మొహానికి పెట్టుకుంటే ఎంత గట్టిగా కొట్టినా ఏటీ అవదు అమ్మమ్మా" అంది. పెట్టుకుని చూడమంటే పెట్టుకున్నాను కూడా. కూర్మన్నపాలెంలో మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ నన్ను ఆ అవతారంలో చూసి, నవ్వాపుకోలేక మొహం అటు తిప్పేసుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇలాంటిది ఒకటి ఆ రోజుల్లో ఉండుంటే బాగుండును అనుకున్నాను. మళ్ళీ అనుకున్నాను, ఉన్నా నేను చేసిన పనికి అది అడ్డం పడేది కాదులే అని.

ఎనభైల మొదట్లో మాట. మేం కంచరపాలెంలో, రైలు పట్టాల పక్కన ఉండేవాళ్ళం. దగ్గర్లో బడి లేక కాదు గానీ, మా మేనత్త పాతూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ టీచరు. ఆవిడ కంటి కింద ఉంటే నా అల్లరి అణుగుతుందని నాన్న నన్ను అక్కడ వేశాడు. ఏం అణగలేదు, బస్సు ఛార్జీలు దండగ. పొద్దున్నే రెండు జడలు, రిబ్బన్లు, లంగా ఓణీ, టిఫిన్ క్యారేజీలో చద్దన్నం. బస్సులో నిలబడే ప్రయాణం. బడి డాబా ఎక్కితే హార్బరు కనిపించేది. ఓడ కూత పెడితే లెక్కల టీచరు చెప్పేది ఆపి, అది అయిపోయేదాకా సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడేది. మాకు ఆ కాస్సేపే విశ్రాంతి. ఓడ ఇంకాసేపు కూస్తే ఏం పోయిందని తిట్టుకునేవాళ్ళం.

తొమ్మిదో తరగతిలో ఉండగా మా అత్త ఎక్కడో ఏదో చూసొచ్చి, ఆడపిల్లలకి కరాటే నేర్పించాలని పట్టుబట్టింది. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంది, మా నాయనమ్మ ఒప్పుకోలేదు. "ఆడగుంటకి తన్నులాటేటే? రేప్పొద్దున్న మొగుణ్ణి తంతావేటి?" అని వారం రోజులు సతాయించింది. నాన్న నవ్వి ఊరుకున్నాడు. అమ్మ ముతక తెల్లగుడ్డ తెచ్చి, ఎదిగే పిల్లని, రెండేళ్ళకి సరిపోయేలా డ్రెస్సు కుట్టింది. అందులో నేను ఆరేసిన దుప్పటిలా ఉండేదాన్ని. ఉతికి డాబా మీద ఆరేస్తే పోర్టు వైపు నుంచి ఇనప ఖనిజం దుమ్ము వచ్చి పడేది. అమ్మ ఎంత నీలిమందు పెట్టినా ఆ డ్రెస్సు ఏనాడూ తెల్లగా లేదు.

కరాటే మాస్టారు పోర్టులో క్రేను నడిపేవారు. మనిషి బక్కపల్చన, గొంతు చిన్నది. సాయంత్రం బడి గంట కొట్టాక గంటసేపు నేర్పేవారు. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. సైకిల్ షెడ్డు గోడకి దళసరిగా సుద్దపొడి పూసేవారు. మేం వరసగా వచ్చి ఆ గోడ మీదికి గుద్దు విసరాలి, కానీ గోడ తగలకూడదు. పిడికిలి బొటనవేలి మందం దూరంలో ఆగిపోవాలి. తర్వాత ఆయన ఒక్కొక్కరి చెయ్యీ తిప్పి చూసేవారు. కణుపుల మీద సుద్ద అంటితే మళ్ళీ మొదటికి. "కొట్టడం దున్నపోతుకీ వచ్చు. ఆపడం నేర్చుకోండి" అనేవారు. నా చెయ్యి ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఒక్కోరోజు రెండు చేతులూ.

చెయ్యి శుభ్రంగా తిరిగొచ్చేది మాలో ఒక్కర్తికే. గొడుగులవాళ్ళ అమ్మాయి. నా బెంచీ దానిదీ, నా జోడీ అదే. పాతూరు మెయిన్‌ రోడ్డు మలుపు దాటాక వాళ్ళ నాన్నకి గొడుగుల కొట్టు ఉండేది. ఇరిగిన ఊచలు మార్చడం, చిరిగిన గుడ్డ కుట్టడం. సన్నగా, నెమ్మదిగా ఉండే పిల్ల. క్లాసులో పేరు పిలిస్తే ఉలిక్కిపడేది. షెడ్డు దగ్గరికొచ్చి నిలబడిందంటే మాత్రం వేరే మనిషి. దాని గుద్దు గాలిని కోసుకుని వచ్చి మన ముక్కు ముందు టక్కున ఆగేది, చల్లగా తగిలేది గాలి ఒక్కటే. దాని బెల్టు వాళ్ళ నాన్నే కుట్టాడు, గొడుగు కుట్టే మిషను మీద. మా బెల్టులన్నీ నెలకే పీచులు తేలితే, దానిది చెక్కుచెదరకుండా ఉండేది.

ఆ నాన్న పంపించడమే గొప్ప. వీధిలోవాళ్ళు తలో మాటా అన్నారు. ఆయన అందరికీ సర్దిచెప్పి, కూతురికి ఒకే ఒక్క షరతు పెట్టాడు. "నేర్చుకో బేటా. కానీ మొహం మీద గాటు పడిన రోజు, అదే ఆఖరి రోజు." అది నాకు మొదటి వారమే చెప్పింది. "మొహం దగ్గర జాగర్తే. నా సదువు కన్నా నాకిదే ఇష్టం" అంది. నేను ఒట్టు కూడా పెట్టాను. దాని తల మీద చెయ్యి పెట్టి మరీ.

పదో తరగతిలోకి వచ్చాక, ఆకుపచ్చ బెల్టు పరీక్ష. జోడీలు ఎదురెదురుగా ఆడాలి. మొహానికి తగిలించినవాళ్ళకి ఆ ఏడు బెల్టు లేదు. బడి బడంతా చుట్టూ చేరింది. మొదలెట్టిన కాస్సేపట్లోనే దాని చెయ్యి నా పక్కటెముకల దగ్గర రెండుసార్లు ఆగింది, గొంతు దగ్గర ఒకసారి. మాస్టారు మూడుసార్లూ దానివైపే చెయ్యెత్తారు. పిల్లలు చప్పట్లు. మా అత్త ఉండబట్టలేక, "ఏటే, మన ఇంటి పేరు తీసేత్తన్నావ్!" అని అరిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉన్నమాట చెబుతున్నాను, చెయ్యి జారలేదు. ఆపగలిగి ఆపలేదు. నా పిడికిలి దాని పెదవి మీద పడింది.

అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. మాస్టారు పరిగెత్తుకొచ్చారు. "తగిలిందా?" అని నన్నడిగారు. నేను చెయ్యి డ్రెస్సుకి తుడిచేసుకుంటూ, "లేదు సార్" అన్నాను. ఆయన దానివైపు చూశారు. అది నాకేసి ఒక్కసారి చూసి, "నా పన్నే దిగింది సార్. నానే కొరుక్కున్నాను" అంది. ఆ సాయంత్రం ఇద్దరికీ ఆకుపచ్చ బెల్టులు ఇచ్చారు. దానిది అది కట్టుకోనేలేదు.

మర్నాడు పెదవి బూరెలా వాచి వచ్చింది. ఇంట్లో కరాటే బందయిపోయిందిట. మధ్యాహ్నం అన్నాల దగ్గర నా పక్కకి జరిగి అడిగింది. "ఆదివారం మా కొట్టుకి రావే. ఆటలో తప్పు లేదు, నా సెయ్యి ఆగలేదంతే అని నువ్వే మా అబ్బాతో ఒక్క మాట సెప్పు. నా స్నేహితురాలు వచ్చి సెప్తాదని ఆయనకి సెప్పాను. నాను సెప్తే నమ్మడు." వస్తానన్నాను. అప్పుడు వెళ్దామనే అనుకున్నాను, అబద్ధం కాదు.

ఆదివారం బస్సెక్కి వెళ్ళాను కూడా. మలుపు దగ్గర నిలబడితే కొట్టు కనిపిస్తోంది. వాళ్ళ నాన్న ఒక నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇరవై అడుగులు. ఈ మాట మాస్టారి చెవిన పడితే బెల్టు వెనక్కి లాక్కుంటారు, అత్త పరువు పోతుంది, అనుకున్నాను. తిరిగి బస్సెక్కేశాను. అది సోమవారం నన్నేమీ అడగలేదు. పరీక్షలయ్యేదాకా అదే బెంచీ మీద కూర్చుని, చింతకాయ తెస్తే నాకూ సగం పెట్టేది. తిట్టినా బాగుండును. సాయంత్రం గంట కొట్టగానే సైకిల్ షెడ్డు వైపు చూడకుండా ఇంటికి వెళ్ళిపోయేది.

ఐదారేళ్ళ తర్వాత, నా పెళ్ళికి ముందు, వానాకాలంలో గొడుగు ఊచ ఇరిగితే, ధైర్యం చేసి ఆ కొట్టుకే వెళ్ళాను. ఆయన బాగా ముసలాడయ్యాడు. నన్ను పోల్చలేదు. గొడుగు అందుకుంటూ నా చేతివేళ్ళ కణుపులు చూసి, "ఏం బేటా, ఈ కాయలేటి?" అన్నాడు. కరాటే అన్నాను. అప్పటికి నేను గోధుమరంగు బెల్టు, నలుపుకి ఒక్క మెట్టు కింద. ఆయన మొహం వెలిగింది.

"మా పిల్ల కూడా నేర్సుకుంది. దాన్ని మించినోళ్ళు లేరనేవాడు మాస్టారు. నానే మాన్పించేసాను." ఊచ బిగించడం ఆపాడు. "స్నేహితురాలు వచ్చి సెప్తాది అబ్బా అంది. పంపించేద్దామనే ఉంది నాకు. మాట దిగి రావడానికి ఒక సాకు కావాలి గదా. ఆదివారం మధ్యాన్నానికే కట్టేసే కొట్టు, దీపాలేళ దాకా తీసుంచాను. ఎవురూ రాలేదు. పిల్ల నాతో అబద్ధమాడిందని సెయ్యి సేసుకున్నాను కూడా. పెళ్ళై కటక్ ఎల్లిపోనాది. ఇప్పటికీ నాతో ముబావమే."

నేనే ఆ స్నేహితురాల్ని అనాలి. అంతే కదా. నోరు తెరిచాను. ఆయన గొడుగు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి నా చేతికిచ్చి, "జాగర్త, గాలుంది" అన్నాడు. "వెళ్ళొస్తానండీ" అన్నాను. సిగ్గులేని దాన్ని, ఆ గొడుగే వేసుకుని తడవకుండా ఇంటికొచ్చాను. తర్వాత ఇంకోసారి వెళ్ళేసరికి అక్కడ క్యాసెట్ల కొట్టు ఉంది. ఆయన పోయి ఏడాదయిందన్నారు.

పై వాటా అమ్మాయి ముసుగు సంచిలో పెట్టుకుంటూ, "నువ్వు కూడా నేర్సుకున్నావంట కదా అమ్మమ్మా, ఏ బెల్టు దాకా ఎల్లావు?" అని అడిగింది. పసుపు అన్నాను, ఆకుపచ్చకి ముందుది. ఆ తర్వాతవేవీ నావి కావు.

నలభై ఏళ్ళు దాటిపోయాయంటారు ఇంట్లోవాళ్ళు. దాటే ఉంటాయి, కాదనను. నాకు మాత్రం ఆ ఒక్క ఆదివారం ఇంకా పొద్దుగూకలేదు, కొట్టు ఇంకా తీసే ఉంది.