మోకాలి దగ్గర కుట్టు

ప్రమోదిని ఐదడుగుల పదకొండంగుళాల మనిషి. ఉద్దానంలో కొబ్బరిచెట్టు ఎంత ఎదిగినా ఎవరికీ అభ్యంతరం లేదు, ఆడపిల్ల నాలుగంగుళాలు ఎక్కువ ఎదిగితే మాత్రం ఊరందరికీ మెడనొప్పి. బళ్ళో చివరి బెంచీ, పెళ్ళిచూపుల్లో లేచి నిలబడకమ్మా అని తల్లి చేసే సైగ, పండక్కి కొన్న పరికిణీకి అడుగున అతికిన వేరే రంగు గుడ్డ... ఈ వరసలోనే ఆమెకు ముప్పై నాలుగేళ్ళు వచ్చేశాయి. దుకాణాల్లో దొరికే బట్టలు ఎవరిని దృష్టిలో పెట్టుకుని కుడతారో గాని, ప్రమోదినిని మాత్రం కాదు.

కుట్టు నేర్చుకున్నదీ అందుకే. తన ఒంటికి తానే కుట్టుకోకపోతే ఈ జన్మకి పాదాల దాకా గుడ్డ ఉండదని ఇంటర్లోనే తెలుసుకుంది. సోంపేటలో ఒకావిడ దగ్గర ఆరు నెలలు కూర్చుని నేర్చుకుంది. ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టాలో, అతుకు అతుకులా కనబడకుండా ఎలా వెయ్యాలో ఆమెకు బాగా పట్టుబడింది.

ఆమెను చేసుకున్న గోవిందు ఆమె కంటే రెండంగుళాలు పొట్టి. అయినా నామోషీ పడలేదు. "మాయింటికి నిచ్చెన కొనక్కల్లేదు, అటక మీద బిందెలు మాయావిడే దించీగలదు" అనేవాడు. అదే మాట ఇంకెవరన్నా అంటే ఆమెకు ఒళ్ళు మండేది, అతనంటే నవ్వొచ్చేది. ఎనిమిదేళ్ళు కాపురం చేశాడు. ఆ తర్వాత కాళ్ళు పొంగాయి, కిడ్నీలు పాడయ్యాయన్నారు, డయాలసిస్‌కి పలాసకీ ఇంటికీ వారానికి రెండుసార్లు తిరిగాడు, సూదులు పొడిచీ పొడిచీ చేతి నరం తాడులా లేచింది, పోయాడు. వాళ్ళ వీధిలో అలా పోయిన మగవాళ్ళలో అతను నాలుగోవాడు. ఇంట్లో ఇక మిగిలింది ప్రమోదిని, అత్త దాలమ్మ, ఓ కుట్టు మిషను.

పోయిన మనిషి బట్టలు ఇంట్లో ఉంచకూడదని అక్కడి ఆనవాయితీ. పెద్దకర్మ నాడు చొక్కాలూ లుంగీలూ దుప్పటీ అన్నీ మూటగట్టి చాకలికి ఇచ్చేశారు. ఇచ్చేశారనే అందరూ అనుకున్నారు. ముదురు నీలం ప్యాంటొకటి, పెళ్ళి మర్నాడు గోవిందు తొడుక్కున్నది, దాలమ్మ మూటలోంచి లాగేసి తన రేకు పెట్టెలో అడుగున దాచింది. అమావాస్యకో పున్నానికో తీసి, దులిపి, మళ్ళీ మడిచి పెడుతుంది. ప్రమోదిని చూసీ చూడనట్టు ఊరుకుంది. కొడుకు పోయిన మనిషిని ఏమంటాం?

ఇలా ఉండగా మూలపేట రోడ్డులో కొత్తగా లేచిన గిడ్డంగుల దగ్గర గేటు కాయడానికి ఆడవాళ్ళు కావాలని కబురొచ్చింది. ఊళ్ళోంచి నలుగురు వెళ్ళారు. సూపర్‌వైజరు తిరుమలరావు అందర్నీ వరసగా నిలబెట్టి చూశాడు. ప్రమోదిని దగ్గర ఆగిపోయాడు.

"నీ పేరేటమ్మా?"

చెప్పింది.

"నువ్వు మెయిన్ గేటు కాడుండు. లారీవోళ్ళు నిన్ను సూసే బ్రేకేసీయాలి" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళలో ఆ పొడుగు చూసి ఒక పరాయివాడు ఇది మాకు కావాలి అనడం అదే మొదటిసారి. నలుగురికీ ఉద్యోగాలొచ్చాయి. నెల నెలా జీతం, పీఎఫ్, కంపెనీ వ్యాను. పనుంటే రోజుకూలీకి పలాస పోయి జీడిపప్పు ఒలవడం, లేకపోతే జాకెట్లకి హుక్కులు కుట్టుకుంటూ కూర్చోవడం, ఈ రెంటినీ వదిలించుకునే దారి దొరికింది. ఇంటికొచ్చే బస్సులో సీటు ఖాళీగా ఉన్నా ఆమె కూర్చోలేదు. నిలబడాలనిపించింది.

చిక్కంతా యూనిఫారంతో వచ్చింది. చొక్కా, టోపీ, బెల్టు సరిపోయాయి. ముదురు నీలం ప్యాంటు మాత్రం మడమకి ఆరంగుళాల పైనే ఆగిపోయింది. పిక్కలు బయటపడి, వరి నాట్లకి దిగినట్టుంది మనిషి. తిరుమలరావుకి ఫోన్ చేస్తే, "ఆడోళ్ళ సైజుల్లో అదే పెద్దది. నువ్వు మిషను కుడతావు గదా, ఏదోటి సేసుకో. సోమారం ఎనిమిదింటికి సరైన డ్రెస్సులో రావాల. కంపెనీవోళ్ళు ఫొటో తీస్తారు, కోతి డ్రెస్సులో వొచ్చినావంటే నానేటీ సెయ్యలేను" అన్నాడు.

అడుగున గుడ్డ అతికితే కోతి డ్రెస్సే అవుతుంది, ఆ సంగతి ప్రమోదినికి పరికిణీల నాడే తెలుసు. కాశీబుగ్గలో అదే రంగు గుడ్డ కోసం మూడు దుకాణాలు తిరిగింది. దగ్గర రంగున్నది సూటు గుడ్డ, దాని వెల విని చేతిలోకి తీసుకోకుండానే దిగివచ్చింది. దారి పొడుగునా ఆలోచిస్తే ఒక్కటే తోచింది. కంపెనీ ప్యాంటుని మోకాలి దగ్గర కోసి, కింద భాగం పూర్తిగా తీసేసి, దాని బదులు మగవాళ్ళ ప్యాంటు కాళ్ళు అతకాలి. మగవాళ్ళ ప్యాంటుకి అడుగున మడత ఎక్కువ ఉంటుంది, విప్పితే కావలసినంత పొడుగొస్తుంది. మోకాలి దగ్గర రెండు వరసల కుట్టు వేసి, జేబుల మీదా అలాంటి కుట్టే వేస్తే అతుకు ఫ్యాషన్ అయిపోతుంది. అలాంటి ముదురు నీలం ప్యాంటు ఆమె ఎరిగినంతలో ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది, రేకు పెట్టెలో.

శుక్రవారం అన్నాలప్పుడు మెల్లగా అడిగింది. "అత్తా, ఆ పేంటు ఇత్తావేటి? ఉజ్జోగానికి కావాల."

దాలమ్మ ముద్ద కంచంలో వదిలేసింది. "ఏ పేంటు?"

"పెట్టెలోది."

"సచ్చినోడి గుడ్డలు కడతావా? లోకంలో గుడ్డలే నేవేటి? నా కొడుకు గుడ్డకి కత్తెరెట్టినావంటే నా పీక కోసినట్టే, సెప్పేత్తన్నాను."

"సచ్చిపోయినోడి గుడ్డ నువ్వు పెట్టెలో ఎందుకు దాసినావు మరి?"

దాలమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది. అత్త మంచీ వేము తీపీ లేవంటారు గాని, దాలమ్మ చెడ్డ మనిషేం కాదు. గోవిందు మంచాన ఉన్న రోజుల్లో కోడలికి ఒంట్లో బాగోలేకపోతే కాళ్ళు పట్టిన మనిషి. ఆ ప్యాంటు దగ్గర మాత్రం ఆవిడకి మంచీ చెడూ కనబడలేదు.

శనివారం పొద్దున్న దాలమ్మ తల దువ్వుకుని, ఎక్కడికో చెప్పకుండా బయటికి వెళ్ళింది. కోడలి మీద అలిగి ఏ చుట్టాలింటికో పోయి ఉంటుందనుకుంది ప్రమోదిని. తలుపు గడియ వేసి పెట్టె తెరిచింది.

ప్యాంటు తీసి నేల మీద పరిచింది. అతనికి నడుం దగ్గర వదులైందని జబ్బు రోజుల్లో తానే వెనక పట్టు వేసింది, ఆ దారం అలాగే ఉంది. 'ఏటి సెయ్యమంటావు, సెప్పు' అంది ప్యాంటుతో. ప్యాంటు ఏం చెబుతుంది? కళ్ళు తుడుచుకుని సుద్దతో గీత గీసింది. కత్తెర రెండు మోకాళ్ళ మీదుగా దాటింది. మిగిలిన పై భాగాన్ని పాత పేపరు లోపల పెట్టి, పైకి నిండు ప్యాంటులా కనిపించేలా మడిచి పెట్టెలో ఎక్కడిదక్కడ పెట్టేసింది. మొదటి జీతం రాగానే అత్తకి చెప్పి కాళ్ళ మీద పడదామనుకుంది.

ఆదివారమంతా మిషను ఆగలేదు. గోవిందు ప్యాంటు కాళ్ళు గొట్టాల్లా వెడల్పు, రెండు పక్కలా తగ్గించి కంపెనీ మోకాలికి సరిపెట్టింది. అతికింది, మడత విప్పింది, ఇస్త్రీ పెట్టింది, జేబుల మీద జోడు కుట్టు వేసింది. దాలమ్మ గుమ్మంలోంచి చూసింది. కంపెనీ ప్యాంటునే కోడలు ఏదో చేసుకుంటోందనుకుంది. ఆవిడ ముఖం ఆ రోజు ఎందుకో తేటగా కూడా ఉంది.

ఎందుకో ప్రమోదినికి సోమవారం గాని తెలియలేదు.

చీకటి విడుతుండగా అత్త తోటలో కొబ్బరి మట్టలు ఏరుతుంటే, ప్రమోదిని డ్రెస్సు వేసుకుని అద్దంలో చూసుకుంది. మోకాలి పైన కంపెనీది, మోకాలి కింద గోవిందుది. మడమ దాకా నిండుగా దిగింది. ఒంటికి పట్టినట్టు, పట్నంలో కొన్నట్టు ఉంది. పుట్టి బుద్ధెరిగాక తన పొడుగు కావాలన్న చోటికి వేసుకున్న బట్ట, మరొకరి కోసం వంగక్కర్లేని బట్ట అదొక్కటే. కంపెనీ వ్యాను ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచే గనక, ఆ రోజుకి ఆటో ఎక్కి, బస్సు మారి, ఎనిమిదింటికి పది నిమిషాల ముందే గేటు దగ్గర ఉంది.

అక్కడ అప్పటికే నలుగురు అమ్మాయిలు టోపీలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. తన ఊరివాళ్ళు కారు. ఎవరో కుర్చీ మీదెక్కి వాళ్ళని ఫొటో తీస్తున్నాడు. తిరుమలరావు ఈమెను చూసి తెల్లబోయాడు.

"నువ్వెందుకొచ్చినావు? నీకు సెప్పనేదేటి?"

"ఏటి సెప్పాల?"

"మీ ఊరి పెద్ద, ఆ సన్యాసి, నిన్న ఫోన్ సేసినాడమ్మా. మా ఊరి కోడళ్ళు పేంట్లేసుకుని రోడ్డు మీద నిలబడరు, సీరలైతేనే పంపుతాం అన్నాడు. సీరలకి కంపెనీ ఒప్పుకోదు. మీ నాలుగు పేర్లూ కొట్టేసి, టెక్కలి నుంచి ఈళ్ళని తెచ్చుకున్నాను."

"నానేసుకుంటాను గదా సారూ. ఏసుకునే వొచ్చినాను. సూడండి."

అతను చూశాడు. పైనుంచి కింది దాకా చూశాడు. పనివాడు పనిని గుర్తుపట్టినట్టు ఒక్క క్షణం అతని కళ్ళు మోకాలి కుట్టు దగ్గర ఆగాయి కూడా. "బాగుంది" అన్నాడు. "గానీ సేరిపోయినోళ్ళని తీసీమంటే ఎలగ? ఊరి పెద్ద మాట కాదని నిన్నొక్కదాన్నెట్టుకుంటే రేపు నా మీద గొడవకొస్తారు. మీ అత్తే ఎల్లి సన్యాసికి సెప్పిందంట గదా, మా కోడలికి పేంటొద్దని. ముందు ఇంట్లో సూసుకోవాలమ్మా."

సన్యాసి మిగతా మూడిళ్ళకీ ఆదివారమే కబురంపాడని తర్వాత తెలిసింది. మగవాళ్ళని పిలిచి చెప్పాడు. ప్రమోదిని ఇంట్లో పిలవడానికి మగవాడు లేడు. ఆమెకు విడిగా చెప్పాలన్న ఆలోచన ఏ పెద్దమనిషికీ రాలేదు.

చొక్కా, టోపీ, బెల్టు అక్కడే తిరిగి తీసుకున్నారు. గుడ్డసంచిలో పెట్టుకెళ్ళిన జాకెట్టు, పాత చున్నీ పైన వేసుకుంది. ప్యాంటు కూడా రేపు తెచ్చిస్తానంటే తిరుమలరావు చెయ్యి అడ్డం పెట్టాడు. "నీ కొలతకి కుట్టీసినావు. ఇది ఇంకెవులికి పడతాది? ఉంచీసుకో."

బస్సులో ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వచ్చిన కోపం టెక్కలి దాటినా, పలాస దాటినా తగ్గలేదు. గుమ్మంలో అడుగు పెట్టగానే అత్తని నాలుగు కడిగేయాలని మాటలన్నీ పేర్చుకుంది.

అత్త నట్టింట్లో కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె తెరిచి ఉంది. ప్యాంటు గండం గడిచిందన్న సంతోషంతో ఓసారి తీసి చూసుకోబోయింది కాబోలు. ఒళ్ళో పాత పేపరు, పేపరు మీద మోకాళ్ళ పైకి మిగిలిన ముక్క ఉన్నాయి. అచ్చం నిక్కరులా ఉంది.

దాలమ్మ తలెత్తింది. "రెండో క్లాసులో ఇలాంటిదే ఏసేదాన్ని ఆడికి" అంది. గొంతులో కోపం లేదు. అరిచినా బాగుండేదనిపించింది ప్రమోదినికి.

పేర్చుకున్న మాటల్లో ఒక్కటే బయటికొచ్చింది. "సన్యాసి మావకి ఏటి సెప్పినావు?"

"పేంటొద్దు, సీర కట్టుకోనిమ్మని సెప్పించమన్నాను. సీరైతే ఈ పేంటు జోలికి నువ్వు రావు గదా అని. అంతేనే!"

"ఉజ్జోగం తీసీసినారత్తా. నాదీ, ఆ ముగ్గురిదీ."

దాలమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఉజ్జోగం తీసీమని నానన్నానేటి? నానలగననేదే!" అంది. కోడలి కాళ్ళకేసి చూసింది. మోకాలి కింద నుంచి మడమ దాకా కొడుకు గుడ్డని పోల్చుకుంది. "ఇది ఇప్పీసి దీనికి కలిపి కుట్టీ. ఎలగున్నదో అలగ కుట్టీ."

"అతకదు. పక్కలు కోసీసినాను" అంది ప్రమోదిని. "నా గేటు నువ్వతికించగలవేటి?"

దాలమ్మ నిక్కరు ముక్కని మడిచి పెట్టెలో పెట్టి, నేల మీద చేతులు ఆనించి లేచింది. మోకాళ్ళు నొప్పులు, లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. కొంగు నెత్తి మీద వేసుకుంది.

"సన్యాసి ఊళ్ళో లేడు, బారువ ఎల్లినాడు. నడిచెల్లి ఆడి కాళ్ళట్టుకుంటాను. నా కోడలు పేంటేసుకుంటాదని మల్లీ ఫోన్ సేయిస్తాను. ఆ తిరుమలరావు ఇనకపోతాడేటి?" అంటూ చెప్పుల్లేకుండానే గుమ్మం దిగింది.

నడిమధ్యాహ్నం. బారువకి ఎనిమిది కిలోమీటర్ల నడక. ఎండ నెత్తి మాడుస్తోంది. టెక్కలి అమ్మాయిలు నలుగురూ చేరిపోయారనీ, ఫొటోలు కూడా తీసుకున్నారనీ ప్రమోదిని కళ్ళారా చూసే వచ్చింది. వెళ్ళి ప్రయోజనం లేదని ఒక్క మాట చెబితే ముసలావిడ వీధి మొదట్లోనే ఆగిపోతుంది.

ఆ మాట ఆమె చెప్పలేదు. గుమ్మంలో నిలబడి, అత్త వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి తలుపు వేసుకుంది.